సాయంత్రం నాలుగున్నర ఆకలికి ఇంట్లో ఏం చేసి ఉంచుతున్నారు?

మల్కాజిగిరి అమ్మ:
అందరికీ నమస్తే. మాకు ఇద్దరు పిల్లలు, పాప ఆరో తరగతి, బాబు రెండు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, నేను ఇంటికొచ్చేసరికి ఆరున్నర దాటుతుంది, పిల్లలేమో నాలుగున్నరకే వచ్చేస్తారు. మా అత్తయ్య ఇంట్లోనే ఉంటారు కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు. అందుకని రోజూ బిస్కెట్లు, లేదంటే కింద కొట్టులో చిప్స్ ప్యాకెట్. మొన్న బాబు స్కూల్ బ్యాగు ఉతుకుదామని దులిపితే ఏడు ఖాళీ ప్యాకెట్లు రాలాయి, మనసు చివుక్కుమంది. మా చిన్నప్పుడు అమ్మ బర్రెలు చూసుకుంటూ, పొలం పనికి వెళ్తూ కూడా అటక మీద ఒక డబ్బా ఎప్పుడూ ఖాళీ అవనిచ్చేది కాదు. నాకు ఆదివారం ఒక గంట, గంటన్నర దొరుకుతుంది. ఆ టైంలో అయిపోయేవి, వారం నిలవుండేవి, వీలైతే పిల్లలు కూడా చేయి వేసేవి చెప్పండి. అరిసెల్లాంటి పెద్ద పనులు ఇప్పుడు నా వల్ల కాదు. మీ ఇంట్లో నిజంగా చేసుకుంటున్నవే చెప్పండి ప్లీజ్.

భీమవరం కోడలు:
సున్నుండలు చేసెయ్యండి, ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. ఒక గ్లాసు మినపప్పు (పొట్టుపప్పు అయితే ఇంకా రుచి), గుప్పెడు బియ్యం కలిపి సన్న సెగ మీద వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. కమ్మటి వాసన పక్క గదిలోకి వచ్చిందంటే వేగినట్టే. చల్లారాక మిక్సీ పట్టి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము వేసి మళ్లీ ఒకసారి తిప్పి, వేడి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టుకోవడమే. బియ్యం ఎందుకంటే ఉత్త మినపపిండి అంగిట్లో అంటుకుంటుంది, బియ్యం పడితే అంటుకోదు. ఒక కిటుకు: పిండి మొత్తం ఒకేసారి ఉండలు కట్టకండి. సగం పిండి పొడిగా సీసాలో ఉంచి, మళ్లీ ఆదివారం నెయ్యి పోసి కట్టుకుంటే అప్పుడే చేసినట్టుంటాయి. ఉండలు కట్టే పని మా పిల్లలదే. ఒకటి నిమ్మకాయంత, ఒకటి గోళీ అంత వస్తాయి, అయినా వాళ్లు చేసినవి వాళ్లు వెతుక్కుని మరీ తింటారు.

డాలస్ తెలుగింటి అమ్మ:
ఇక్కడ మాకు వేరే ఇబ్బంది అండి. మా అమ్మాయి క్లాసులో ఒక బాబుకి వేరుశెనగ పడదు, అందుకని పల్లీలున్నవేవీ పంపకూడదని టీచర్ రాసి పంపారు. మొదట్లో నాకు చిరాకేసింది, పల్లీ లేకుండా మన చిరుతిండి ఏముంటుంది అని. తర్వాత ఆ బాబు వాళ్లమ్మతో మాట్లాడాక భయం వేసింది, ఆవిడ సూది మందు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరుగుతుంది. ఇక్కడ 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల పేరు కూడా అలెర్జీ పదార్థంగా రాయాలి, కాబట్టి స్కూలుకి నువ్వులుండలు పంపేముందు కూడా టీచర్‌ని అడుగుతాను. ఇప్పుడు పుట్నాలు, బెల్లం, యాలకులు కలిపి మిక్సీలో తిప్పి నెయ్యితో ఉండలు కట్టి పంపుతున్నా. పుట్నాలు ఎలాగూ వేయించినవే కాబట్టి పొయ్యి పని నెయ్యి కరిగించేంతే. పది నిమిషాలు.

తెనాలి అమ్మమ్మ:
అమ్మాయీ, నువ్వు పాకాల జోలికి పోకుండా చిమ్మిలి చెయ్యి. నాగుల చవితికి చేస్తాం చూడు, అదే. నువ్వులు, బెల్లం రోట్లో వేసి దంచితే నువ్వుల్లో నూనె దానంతటదే ఊరి ముద్ద కడుతుంది, పాకం అక్కర్లేదు, నెయ్యి అక్కర్లేదు. పండక్కి పచ్చి నువ్వులతో చేస్తాం గానీ డబ్బాలో పోసుకునేదానికి దోరగా వేయించుకో, కమ్మగా ఉంటుంది. రోలు లేకపోతే మిక్సీలోనే, కానీ ఆపి ఆపి తిప్పాలి, ఒకటే పనిగా తిప్పావంటే వేడెక్కి నూనె ఓడిపోయి జిడ్డుగా తయారవుతుంది. గ్లాసు నువ్వులకి ముప్పావు గ్లాసు బెల్లం. బెల్లంలో ఇసుక ఉంటుందేమో చూసుకో. పాకం పట్టే వంటలో అయితే కరిగించి వడగట్టొచ్చు, ఇందులో ఆ వీలు లేదు, అందుకని మంచి బెల్లమే కొనుక్కో. మీ అత్తగారు కూర్చునే ఉండలు కట్టగలరు, ఆవిడకీ కాలక్షేపంగా ఉంటుంది.

మల్కాజిగిరి అమ్మ:
అమ్మమ్మగారూ, ఇది నాకు అస్సలు తట్టలేదు! మా ఇంట్లో చిమ్మిలి అంటే ఏడాదికోసారి ప్రసాదం మాత్రమే. పాకం అంటే నాకు నిజంగానే టెన్షన్, పోయిన సంక్రాంతికి పల్లీ చిక్కి రాయిలా అయింది, సుత్తితో కొట్టాల్సొచ్చింది.

రాజమండ్రి నాన్న:
చిక్కి పాకం గురించి చెప్తాను, మా ఇంట్లో ఆ పని నాదే. పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుని పాకం రెండు చుక్కలు వేయండి. చేత్తో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం. చిక్కికి ఇంకా ముదరాలి, ఆ ఉండ తీసి పళ్లానికేసి కొడితే ఠంగుమని మోగాలి, విరిస్తే పుటుక్కున విరగాలి. మోగిన వెంటనే పొయ్యి కట్టేసి పల్లీలు పోసెయ్యాలి. అక్కడ ఇంకొక నిమిషం ఆలస్యమైనా చేదెక్కుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి, వేడి మీదే కత్తితో గాట్లు పెట్టుకుంటే చల్లారాక సుత్తి అవసరం పడదు.

ఇంకొక్క మాట, దయచేసి పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. రెండేళ్ల క్రితం మా వాడు "నేనూ కొడతా నాన్నా" అంటూ గిన్నెలో వేలు పెట్టేశాడు. నీళ్లయితే జారిపోతాయి, పాకం చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద వేలు పెట్టి ఉంచాం, అదే మంచి పని చేశారు అన్నారు డాక్టరు. పక్కింటావిడ టూత్‌పేస్ట్ తెచ్చారు గానీ పూయనివ్వలేదు. ఐసు కూడా పెట్టకూడదట. ఇప్పుడు వాడి పనల్లా చల్లటి పళ్లెం దగ్గర కూర్చుని, నేను ఇచ్చిన చల్లారిన ఉండని కొట్టి "మోగింది" అని అరవడం.

హనుమకొండ ఆడబిడ్డ:
అక్కా, మీరు హైదరాబాద్‌లోనే ఉండి సర్వపిండి మర్చిపోతే ఎట్ల! వారం నిలవుండదు కానీ మీరు రాత్రి ఏడింటికి చేసినా అరగంటల అందరి కడుపు నిండుతది. బియ్యప్పిండిల నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీల పలుకులు, ఉల్లికాడలు, కరివేపాకు, జీలకర్ర, కారం, ఉప్పు వేసి మెత్తగ కలుపుకోవాలె. నూనె రాసిన సర్వలో గాని మందపాటి మూకుడులో గాని పిండి ముద్ద పెట్టి వేళ్లతో పలచగ అద్దుకుంట పోవాలె, మధ్యమధ్యల వేలితోటి బొక్కలు పెట్టి ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి మూత పెట్టి సన్న మంట మీద కాల్చుడే. బొక్కలు పెట్టే పని మా పాపది, ఒకసారి పువ్వు లెక్క పెడతది, ఒకసారి మొహం చేసి కళ్లు, నోరు పెడతది.

అయితే అసలు తిప్పలు రెండోదాని దగ్గర వస్తది. గిన్నె కాలుతుంటే పిండి అద్దలేం, చేతులు కాలుతయి. మా అమ్మ గిన్నెని బోర్లేసి దాని మీద నీళ్లు పోసి చల్లార్చేది. నేను రెండు మూకుళ్లు పెట్టుకున్న, ఒకటి పొయ్యి మీద కాలుతుంటే ఇంకొకటి బయట చల్లగ ఉంటది, అందులో అద్దుకుంట. అట్ల చేస్తే నాలుగు సర్వపిండ్లు ముప్పావు గంటల అయితయి.

రాత్రి మిగిలిన చపాతీలు ఉంటే మలీద చెయ్యండి. సద్దుల బతుకమ్మకి చేస్తం కద, అదే. చపాతీలు తుంచి మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి వేసి ముద్దలు కట్టుడే. చపాతీ ముట్టని పిల్లలు కూడ మలీద ముద్ద వదలరు.

ఆదోని అన్న:
మా రాయలసీమ వాళ్ల ఉగ్గాని ఎవరూ చెప్పలేదేం? బొరుగులు (మీరు మరమరాలు అంటారు) నీళ్లలో వేసి అటూ ఇటూ తిప్పి వెంటనే పిండెయ్యాలి, అలాగే వదిలేస్తే ముద్దవుతాయి. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి వేగాక బొరుగులు కలిపి, చివర్లో పప్పుల పొడి రెండు చెంచాలు చల్లి నిమ్మకాయ పిండాలి. మాకు పప్పులు అంటే పుట్నాలు. ఆ పొడిలో ఎండుకొబ్బరి, వెల్లుల్లి కూడా వేసి నెలకి సరిపడా సీసాలో పెట్టుకుంటాం. పొడి ఉందంటే ఉగ్గాని పన్నెండు నిమిషాల పని. బజ్జీ లేకుండా ఉగ్గాని ఏంది అంటారు మావాళ్లు, నిజమే, కానీ మామూలు రోజుల్లో బజ్జీ లేకపోయినా పిల్లలు తింటారు.

ఇంకోటి, పులిసిన దోసె పిండి పారెయ్యకండి. అందులో ఉల్లిపాయ, క్యారెట్ తురుము, పచ్చిమిర్చి, కాస్త ఉప్పు వేసి గుంత పొంగణాలు పొయ్యండి. మా చిన్నదాని కోసం మధ్యలో నాలుగు గుంతల్లో కొబ్బరి, బెల్లం కలిపిన ఉండ దాచి పైన పిండి పోస్తాను. ఎవరికి తీపి వస్తుందో అని ఇద్దరూ పోటీ పడి పళ్లెం ఖాళీ చేస్తారు. కూరగాయలు వద్దు అనే మాట ఆ రోజు వినపడదు.

విజయనగరం టీచరమ్మ:
చెగోడీల గురించి ఒక హెచ్చరిక రాయాలనిపించింది. నెల నిలవుంటాయి, పిల్లలకి పిండిని పాములా పాకించి గుండ్రంగా చుట్టడం మహా సరదా, అన్నీ నిజమే. కానీ మా ఇంట్లో ఒకసారి నూనెలో ఠప్పుమని పేలి నా మోచేతి దాకా చింది మచ్చ పడింది. తర్వాత మా పిన్ని దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కప్పు నీళ్లలో ఉప్పు, వెన్న, నానబెట్టిన పెసరపప్పు వేసి మరిగించి, పొయ్యి కట్టేసి కప్పు జల్లించిన బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఉండలు, పొడి పిండి ఎక్కడా మిగలకుండా బాగా మర్దించాలి. చుట్టిన చెగోడీలు గంటలకొద్దీ గాలికి వదలకూడదు, పైన ఎండి పొరకడితే లోపలి ఆవిరికి దారి ఉండదు, అప్పుడే పేలుతుంది. నేను పదేసి చుట్టి వాటి మీద తడిబట్ట కప్పి, ఆ పది వేయించాకే తర్వాతి పది చుట్టుకుంటాను. వేయించేటప్పుడు పిల్లలు వంటగదిలో ఉండకూడదు, ఆ నియమం మాత్రం మా ఇంట్లో ఎవరికీ సడలించం.

భీమవరం కోడలు:
టీచరమ్మగారూ, తడిబట్ట సంగతి తెలీక నేను చెగోడీలే మానేశాను. ఈసారి మళ్లీ చేస్తాను. మల్కాజిగిరి అమ్మగారూ, వేసవి వచ్చాక పుల్ల ఐసు కూడా చెయ్యండి, బంగినపల్లి గుజ్జు, కాసిని పాలు, తగినంత చక్కెర తిప్పి చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, గంట గడిచాక చెంచా గుచ్చితే నిలబడుతుంది. రాత్రి పెట్టి మర్నాడు తీసేటప్పుడు గ్లాసుని ఒక్క క్షణం నీళ్లలో ముంచితే జారుతుంది.

డాలస్ తెలుగింటి అమ్మ:
ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు పల్లీలు, పుట్నాలు గింజలుగా కాకుండా పొడి చేసే పెట్టండి, గొంతుకి అడ్డం పడతాయి. మా చిన్నవాడికి మూడేళ్లు, వాడి ఉండలకి పిండి రెండోసారి మిక్సీ పడతాను.

మల్కాజిగిరి అమ్మ:
మూడు ఆదివారాలు అయ్యాక చెబుదామని ఆగాను. మొదటి వారం చిమ్మిలి చేశాం. అమ్మమ్మగారు చెప్పినట్టు ఆపి ఆపి తిప్పాను, నలభై ఉండలు అయ్యాయి. అత్తయ్య పీట మీద కూర్చుని కడుతూ వాళ్ల ఊర్లో నాగుల చవితికి పుట్ట దగ్గరికి ఎలా వెళ్లేవాళ్లో చెబుతుంటే బాబు టీవీ మాట కూడా ఎత్తలేదు. నలభై ఉండలు గురువారానికే అయిపోయాయి. రెండో వారం సున్నుండలు, సగం పిండి సీసాలో ఉంచాను, అది నిజంగా ప్రాణానికి హాయిగా ఉంది. మూడో వారం పొంగణాలు, తీపి దాచిన గుంతలు పాపే పెట్టింది, తమ్ముడికి రెండు వచ్చేలా చూసింది, నేను గమనించనట్టు ఊరుకున్నా. కింద కొట్టుకి వెళ్లడం పూర్తిగా మానలేదు, వారానికి ఒకసారికి వచ్చింది.

హనుమకొండ చెల్లీ, వచ్చే ఆదివారం సర్వపిండి. మా ఇంట్లో మందపాటి మూకుడు ఒక్కటే ఉంది, రెండోది అమ్మ దగ్గర ఉంది, శనివారం వెళ్లి తెచ్చుకుంటాను. శనగపప్పు ఎంతసేపు నానాలో చెప్పు.

హనుమకొండ ఆడబిడ్డ:
గంట చాలు అక్కా. పప్పు గోటితో గిల్లితే తెగాలె. ఉల్లికాడలు మాత్రం ఎక్కువనే వెయ్యి.