చర్చ: పరిశోధన గ్రంథాల మెటాడేటాను (పుస్తక వివరాలను) థోత్‌కు తరలించిన ప్రచురణకర్తల అనుభవాలు కావాలి

చిన్నప్రెస్: మాది ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగల) గ్రంథాలు వెలువరించే చిన్న సంస్థ. ఒకే పుస్తకం వివరాలను పంపిణీదారులకు ఓనిక్స్ ఫార్మాట్‌లో, గ్రంథాలయాలకు మార్క్ ఫార్మాట్‌లో, డీఓఐ (శాశ్వత డిజిటల్ గుర్తింపు) కోసం దానిని నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకు విడివిడిగా నింపుతున్నాము. థోత్ అనే మెటాడేటా నిర్వహణ వేదికలో ఒక్కసారి నమోదు చేస్తే ఇవన్నీ వెలువడతాయట. ఖర్చు, యాజమాన్యం, అధ్యాయాల డీఓఐల గురించి వాడినవారు చెప్పగలరా?

కేటలాగర్: మార్క్ రికార్డులు సరిదిద్దడమే దశాబ్దాలుగా నా వృత్తి కనుక చెబుతున్నాను. యంత్రం తయారుచేసిన రికార్డులో రచయిత పేరు ప్రామాణిక రూపంలో ఉండదు, విషయ శీర్షికల స్థానంలో పుస్తక వ్యాపారుల వర్గీకరణ వచ్చి కూర్చుంటుంది. ఆ రెండూ సవరించేసరికి కొత్త రికార్డు రాసినంత పని అవుతుంది.

సంపాదకుడు౨: నా అభ్యంతరమల్లా థోత్ మెటాడేటాను విడుదల చేసే సీసీ జీరో మీదే, అంటే హక్కులన్నీ వదులుకొనే ఏర్పాటు మీదే. మేము శ్రమపడి రాసిన సారాంశాలను ఏ వాణిజ్య సంస్థ అయినా తన డేటాబేసులో కలుపుకొని, తిరిగి గ్రంథాలయాలకే చందాకు అమ్మితే అడిగే దిక్కు లేదు. కనీసం మా పేరు చెప్పాలన్న షరతైనా ఉండాలి.

డేటాపని: రికార్డు ఎన్నో సూచికల గుండా ప్రయాణిస్తుంది. అడుగడుగునా చేరిన పేర్లన్నిటినీ మోయాల్సి వస్తే దానిని ఎవరూ స్వీకరించరు. గ్రంథనామం, ఐఎస్‌బీఎన్, పుటల సంఖ్య వాస్తవాలు. వాటిపై హక్కు కోరడమే తప్పు.

సంపాదకుడు౨: సారాంశం వాస్తవం కాదు, రచన. దానిని ఐఎస్‌బీఎన్‌తో ఒకే గాటన కట్టకండి.

డేటాపని: పాఠకుడిని గ్రంథం దాకా తీసుకువచ్చేది ఆ సారాంశమే కదా! పుస్తకమే ఉచితంగా ఇస్తూ దాని పరిచయానికి తాళం వేస్తారా?

కేటలాగర్: నేను ఎత్తిన నాణ్యత ప్రశ్నను ఇద్దరూ దాటేశారు. తప్పుల రికార్డును స్వేచ్ఛగా పంచితే తప్పులే స్వేచ్ఛగా వ్యాపిస్తాయి.

ఉమ్మడిసొత్తు: అంతకన్నా ముందు తేల్చుకోవలసినది అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది. మేము రికార్డులిచ్చిన ఒక డేటాబేసు చేతులు మారగానే, మా సమాచారాన్ని మేమే బయటికి తీసుకునే దారి మూసుకుపోయింది. ఆదాయం సేవల నుంచి రావాలి గాని డేటా నుంచి కాదనీ, నిర్వాహకులు దారి తప్పితే కోడ్‌నూ డేటానూ తీసుకొని సముదాయం వేరుగా నడుపుకోగలగాలనీ 2015 నాటి పోసీ (బహిరంగ పరిశోధన మౌలిక వ్యవస్థల) సూత్రాలు చెప్పింది ఇందుకే. ఓపెన్ యాక్సెస్ గ్రంథాల ప్రచురణ వ్యవస్థల కోసం 2019లో మొదలైన కోపిమ్ ప్రాజెక్టు నుంచి వచ్చిన థోత్ కోడ్ ఓపెన్ సోర్స్ కావడం నాకు అన్నిటికన్నా ముఖ్యం.

సంపుటిపని: అధ్యాయాల డీఓఐల సంగతి ఎవరూ ఎత్తలేదు. పలువురు రాసిన సంపుటంలో అధ్యాయానికి సొంత డీఓఐ, రచయితకు ఓర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) లేకపోతే ఉల్లేఖనలన్నీ సంపాదకుల ఖాతాలో పడతాయి. పీడీఎఫ్, ఈపబ్, అచ్చుప్రతి ఒక్కొక్కదానికీ వేరే ఐఎస్‌బీఎన్ ఉంటుంది కనుక ఏది దేనిదో తరలించే ముందే మీ స్ప్రెడ్‌షీట్‌లో సరిచూసుకోండి.

సంపాదకుడు౨: సారాంశం మీద నా ప్రశ్న అలాగే ఉంది.