ఈ వారం సమస్య: "దేవుడొకడు లేని దివ్యమతము"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, విషయం ఆర్థికశాస్త్రం. మార్కెట్ భయపడింది, మార్కెట్ శాంతించింది అని రోజూ వింటున్నాం కదా, ఆ మాటతీరు గురించి ఆలోచించి రాయండి.

పూరణ 1:
కంటి కగుపడనిది కరమొండు కలదంచు
నమ్మి కొలిచినారు నాడు నేడు
లెక్కలన్ని మంత్రలీలగా వినిపింప
దేవుడొకడు లేని దివ్యమతము

వ్యాఖ్య: ఎత్తుగడ చాలా బాగుంది. "నాడు" మాత్రం ఒప్పుకోలేను. ఆర్థికవేత్త ఆడం స్మిత్ 1776 నాటి గ్రంథంలో అదృశ్య హస్తం (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా అందరికీ మేలు జరిగేలా నడిపించే కనబడని చెయ్యి) అన్న మాట వాడింది ఒక్కచోటే, పైగా ఆయన గ్లాస్గోలో నీతిశాస్త్రం బోధించిన మనిషి. ఆ మాటను పీఠమెక్కించింది తర్వాతివాళ్లు. "మంత్రలీల" కూడా యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదర్చడం కోసం, వచ్చినట్టుంది.

పూరణకర్త: నిజమేనండీ. రెండో పాదం మారుస్తున్నా: "నమ్మి కొలువసాగె నవయుగమ్ము". లీల సంగతి ఇంకా చూడాలి.

పూరణ 2:
వృద్ధి రేటు పెరుగ మోక్షంబు గలదంచు
నోము పట్టినారు భూమి మరచి
అమ్మ చేయు సేవకంకెయే లేదుగా
దేవుడొకడు లేని దివ్యమతము

వ్యాఖ్య: మొదటి పాదంలో యతి తప్పింది, వృ–మో కుదరదు. "మోక్షంబు" తీసి "విడుదల" అనండి, వృ–వి సరిపోతుంది, అర్థమూ చెడదు. నోము–భూమి ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు జత కుదరడం) ముచ్చటగా ఉంది. మూడో పాదం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఇంట్లో జీతం లేకుండా చేసే వంట జీడీపీలోకి, అంటే దేశం మొత్తం ఉత్పత్తి లెక్కలోకి, రాదు, అదే వంటకి మనిషిని పెట్టుకుని జీతమిస్తే వస్తుంది! జాతీయాదాయం లెక్కలు కట్టిన సైమన్ కుజ్‌నెట్సే 1934లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో, ఈ అంకెను బట్టి దేశం బాగోగులు తేల్చలేమని హెచ్చరించాడు.

మరో సభ్యుడు: మతం అనడం అన్యాయమండీ. 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఫామా, షిల్లర్ ఉన్నారు. తెలిసిన సమాచారమంతా ధరల్లోనే ఇమిడి ఉంటుందని ఫామా, జనం ఉద్వేగాలతో ధరలు దారి తప్పుతాయని షిల్లర్. ఇద్దర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టేది శాస్త్రమే.

నిర్వాహకుడు: పండితుల దగ్గర ఆ సందేహం ఉంది, కాదనను. మన దాకా వచ్చేసరికి అది "మార్కెట్ ఒప్పుకోదు" అనే తీర్పైపోతోంది, ఎందుకు ఒప్పుకోదని అడిగేవాళ్లు లేరు, నా బాధ అదే. మీ వాదన మీరు పద్యంలోనే పెట్టండి. మూడో పాదం చివర "కాదిది" అని వేస్తే భగణం సరిపోతుంది, సమస్య మీ వైపు తిరుగుతుంది. రేపు రాత్రి దాకా చూస్తాను.