రివాల్వర్ గురి కుదరాలంటే ముందు రీలోడింగా, సాధనా?

డల్లాస్_కె38:
అమెరికాలో బుల్స్‌ఐ పోటీలకు (ఒంటి చేత్తో 25, 50 గజాల్లో వలయాల టార్గెట్ కొట్టే పోటీలు) కొత్తగా వచ్చే మనవాళ్లు రేంజిలో ఎవర్ని అడిగినా ఒకటే పాట: "ఒక ఏడాది ఫ్యాక్టరీ రౌండ్లే కాల్చు, రీలోడింగ్ సంగతి తర్వాత చూద్దువుగాని." రీలోడింగంటే కాల్చిన కేసులో (ఇత్తడి గొట్టంలో) మళ్లీ ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి నింపుకోవడం. ఏడాది ఆగమనడం తలకిందుల సలహా అని నా వాదన. షాపులో చవగ్గా దొరికే .38 స్పెషల్ 130 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు) జాకెటెడ్ (రాగి తొడుగున్న) రౌండు ఊరికే కాల్చుకోవడానికి చేసిన సరుకు. ఇసుక సంచి మీద ఆనించి 25 గజాల్లో కాల్చినా చాలా రివాల్వర్లలో దాని గుండ్ల చెదురు మూడంగుళాలకు తగ్గదు. టార్గెట్‌లో 10 వలయం వ్యాసమే 3.36 అంగుళాలు. ఇక గుండు 8లో పడితే తప్పు చేతిదా, తూటాదా? కొత్తవాడికి ఎలా తెలుస్తుంది?

148 గ్రెయిన్ల హాలో బేస్ వాడ్‌కటర్ (అడుగు బోలుగా, ముందు చదునుగా ఉండే) సీసపు బుల్లెట్, 2.7 గ్రెయిన్ల బుల్స్‌ఐ పౌడర్. బుల్లెట్‌ని కేసు అంచుకి సమంగా దింపి, అంచుని లేతగా మడవాలి. దశాబ్దాలుగా పోటీల్లో నిలిచిన లోడ్ ఇదే. కాగితాన్ని పంచ్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది కాబట్టి గీత మీద పడ్డ గుండుకి స్కోరు దగ్గర పేచీ ఉండదు. ముందు తూటా మీద అనుమానం తీరాలి, ఆ తర్వాతే చేతిని దిద్దుకోవాలి.

సింగిల్‌యాక్షన్:
అన్నా, లెక్క వేసి చూద్దాం. చేతి చెదురు, తూటా చెదురు నేరుగా కలవవు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. కొత్త షూటర్ ఒంటి చేత్తో 25 గజాల్లో 6 అంగుళాల గ్రూప్ (గుండ్లన్నీ పడ్డ వెడల్పు) వేస్తాడనుకో. మూడంగుళాల తూటా ఇస్తే మొత్తం 6.7. నీ వాడ్‌కటర్ ఒకటిన్నర అంగుళం పడుతుందనుకున్నా 6.2. బెంచీ, ప్రెస్సు, త్రాసు, డైలు, రీలోడింగ్ సామానంతా కొని తగ్గించింది అర అంగుళం. అదే చెయ్యి 2 అంగుళాలకు వచ్చాక చూడు: 3.6 కాస్తా 2.5 అవుతుంది. రీలోడింగ్ ఫలితం ఇచ్చేది అక్కడ. ఏడాది ఆగమన్నవాళ్ల మాట ఈ లెక్కకి సరిపోతోంది.

ఆ 6 అంగుళాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చూడు. ఆరంగుళాల బ్యారెల్ రివాల్వర్లో ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం సుమారు 200 మి.మీ. వెనక సైటు గాడిలో కనబడే ముందు సైటు ఒక్క మి.మీ. పక్కకి జరిగితే 25 గజాల దగ్గర గుండు 11 సెం.మీ. పక్కకి పోతుంది. ఏ తూటా దాన్ని వెనక్కి తెస్తుంది? చెయ్యి మొత్తంగా అంగుళం ఊగినా సైట్లు సమంగా ఉంటే నష్టం అంగుళమే. ఊగుతోందని భయపడి ట్రిగ్గర్ లాగేసేవాడిదే అసలు నష్టం.

ఆరో_చాంబర్:
ఇద్దరూ తుపాకీని వదిలేసి కొట్టుకుంటున్నారు. పిస్టల్‌కి ఒక చాంబర్ (తూటా కూర్చునే గది), రివాల్వర్‌కి ఆరు. ప్రతి చాంబర్ నోటికి వేరే కొలత ఉండొచ్చు, బ్యారెల్ ముందు నిలబడే తీరు వేరుగా ఉండొచ్చు. తూటాల డబ్బా తెరవకముందే, ఖాళీ సిలిండర్ (చాంబర్లున్న తిరిగే డ్రమ్ము) మీద చాంబర్లకి 1 నుంచి 6 దాకా మార్కర్‌తో నంబర్లు వేయండి. ఆరు టార్గెట్లు పెట్టి, ఆనించి, ఒక్కో టార్గెట్‌కి ఒకే చాంబర్‌తో ఐదేసి కాల్చండి. ఐదు చాంబర్లు ఒకచోట వేసి ఒకటి మాత్రం రెండంగుళాలు అవతల వేస్తుంటే, ప్రతి సిలిండర్‌కి ఒక గుండు తప్పిపోవడం మీ చేతి పాపం కాదు.

రెండో పరీక్ష: .358 అంగుళాల సీసపు బుల్లెట్‌ని సిలిండర్ ముందువైపు నుంచి చాంబర్ నోట్లో పెట్టి పుల్లతో నెట్టండి. కొంచెం బలానికి జారితే మంచిది. తనంతట తనే పడిపోతే నోరు వెడల్పు. సుత్తి కావాలంటే ఇరుకు: అక్కడ నలిగి సన్నబడ్డ బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడుల్ని నింపదు, పక్కల నుంచి గ్యాసు తోసుకుపోతుంది, సీసం బ్యారెల్ మొదట్లో పేరుకుంటుంది. ముప్ఫై రౌండ్ల తర్వాత గ్రూప్ విచ్చుకుంటోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మూడోది టైమింగ్. ఖాళీ తుపాకీలో సిలిండర్‌ని బొటనవేలితో మెల్లగా ఆపుతూ హ్యామర్ (తూటాని పేల్చే వెనక సుత్తి) వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోపు సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి. కాకపోతే చాంబర్, బ్యారెల్ ఒక వరసలోకి రావు. బుల్లెట్ అంచు చెక్కుకుపోతుంది, పక్కన నిలబడ్డవాడి చెంపకి సీసం ముక్కలు తగులుతాయి. అది గన్‌స్మిత్ పని. ప్రెస్సు కొన్నా, డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చేసినా పోదు.

భాగ్యనగర్_32:
మన ఊళ్లో లైసెన్సున్నవాళ్లు ఈ థ్రెడ్ చదివి ప్రెస్సుల కోసం వెతక్కండి. భారత్‌లో తూటాల తయారీకి ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. రివాల్వర్ లైసెన్సు చేతిలో ఉందని ఇంట్లో ప్రైమర్ నొక్కి పౌడర్ పోస్తే అది నేరం. మనకి మిగిలింది సాధనే.

అయినా నష్టమేమీ లేదు. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో మన షూటర్ జస్పాల్ రాణా 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్‌లో 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డు సమం చేశాడు. అరవై రౌండ్లలో పోయింది పది పాయింట్లే. అలాంటి స్కోరు చేతిలోంచి వస్తుంది.

డల్లాస్_కె38:
భాగ్యనగర్ గారూ, రాణా పేరు ఎత్తి తూటాని చిన్నచూపు చూడకండి. ఆ స్థాయి షూటర్లు ఫ్యాక్టరీ రౌండ్లనే లాట్ల (ఒక్కో తయారీ బ్యాచ్) వారీగా కాల్చి చూసి తమ తుపాకీకి నప్పింది ఏరుకుంటారు. నేను బెంచీ మీద చేస్తున్నది కూడా ఆ ఏరుకోవడమే. సింగిల్‌యాక్షన్ తమ్ముడి లెక్క ఒప్పే, కానీ అది 25 గజాల లెక్క. బుల్స్‌ఐలో స్లో ఫైర్ (తీరిగ్గా కాల్చే భాగం) 50 గజాల్లో, 10 వలయం అక్కడా 3.36 అంగుళాలే. 25లో మూడంగుళాలు వేసే తూటా 50లో ఆరుకి తగ్గదు. ఎంత మంచి చెయ్యైనా అక్కడ సగం పదులు పోగొట్టుకుంటుంది.

సింగిల్‌యాక్షన్:
50 గజాల మాట ఒప్పుకుంటా. కొత్తవాడు మొదటి నెలల్లో 50 గజాల లైను దగ్గరికి ఎందుకెళ్లాలి అన్నది నా ప్రశ్న.

సాధన అంటే డబ్బాలు ఖాళీ చెయ్యడం కాదని కూడా చెప్పాలి. రివాల్వర్‌తో ఒక సదుపాయం ఉంది, పిస్టల్‌కి అంత తేలిగ్గా దొరకదు. రేంజిలోనే, తుపాకీ టార్గెట్ వైపే ఉంచి, సిలిండర్లో మూడు రౌండ్లు, మూడు కాల్చిన ఖాళీ కేసులు కలిపి పెట్టండి. చూడకుండా తిప్పి మూయండి. హ్యామర్ ఖాళీ కేసు మీద పడ్డప్పుడు ముందు సైటుని చూడండి. అది కదలకుండా ఉండాలి. కుడిచేతివాటం వాళ్లలో చాలామందికి ఠపీమని కిందికి, ఎడమకి వంగుతుంది. గుండు పేలుతుందని చెయ్యి ముందే కాచుకుంటోందన్నమాట. పేలిన రౌండ్లలో ఈ వంపు రికాయిల్లో (పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడంలో) దాక్కుంటుంది. వరసగా పది ఖాళీల్లో సైటు కదలనిదాకా 25 గజాల స్కోరు రాసుకోవడం దండగ.

ఇంట్లో డ్రై ఫైర్‌కి తూటాలు వేరే గదిలో ఉండాలి. స్నాప్ క్యాప్స్ (ఉత్తుత్తి తూటాలు) పెట్టుకుని, తెల్ల గోడ ముందు టార్గెట్ లేకుండా పదిహేను నిమిషాలు. టార్గెట్ లేకపోతే కన్ను ముందు సైటు మీదే నిలుస్తుంది. .22 రిమ్‌ఫైర్‌ని మాత్రం ఖాళీగా కొట్టొద్దు, ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుని నొక్కేస్తుంది. ఇంకోటి, ర్యాపిడ్ ఫైర్‌లో 10 సెకన్లలో 5 గుండ్లు. గుండు గుండుకీ బొటనవేలితో హ్యామర్ లాగాలి. ఆ లాగుడులో పట్టు జారుతుంది. రికాయిల్‌కి మజిల్ (బ్యారెల్ మూతి) లేచినప్పుడే లాగెయ్యాలి, దిగాక కాదు. ఈ ఒక్క కదలికే రోజూ వందసార్లు ఖాళీగా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

కేస్‌ట్రిమ్మర్:
2.7 గ్రెయిన్లు అని రాసేసి వదిలేశారు, అది సగం మాటే. మీ పౌడర్ తయారీదారు ప్రస్తుత మాన్యువల్లో, మీ బుల్లెట్‌కి ఉన్న అంకె చూసే పొయ్యండి.

2.7 గ్రెయిన్లంటే 0.175 గ్రాములు. .38 కేసులో అది అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగి హెచ్చరించదు. అందుకని పోసిన కేసులన్నీ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చితో ఒక్కో వరసా చూడాలి. నల్లటి పొడి మట్టం అన్నిట్లో ఒకే లోతులో కనబడాలి. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి ఖాళీగా ఉన్నా ఆ వరస మొత్తం వంచి మళ్లీ మొదలు. ఖాళీది ఇంకా మోసం: ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్లోకి నెట్టి ఆపేస్తుంది, తర్వాతి గుండు దాన్ని గుద్దుతుంది. "ఫుస్" మన్న శబ్దం వస్తే పోటీ అయినా ఆపండి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్లో రాడ్ దూర్చి చూడండి.

గురి పాడయ్యేది ఎక్కువగా వీటివల్ల. మామూలు ఎక్స్‌పాండర్ (కేసు నోరు విచ్చే పనిముట్టు) లోతుగా విచ్చదు, వాడ్‌కటర్ మొత్తం కేసులోకి దిగుతుంది కాబట్టి దాని పల్చని అడుగు నలిగిపోతుంది. వాడ్‌కటర్ ఎక్స్‌పాండర్ కొనండి. కేసుల పొడవు తేడాగా ఉంటే మడత తేడాగా పడుతుంది. గరిష్ఠం 1.155 అంగుళాలు, అన్నీ ఒకే పొడవుకి కోసి ఒకే కంపెనీవి కలిపి నింపండి. ప్రైమర్ కేసు అడుగుకి కొద్దిగా లోపలికి దిగాలి. పైకి తేలితే సిలిండర్ తిరగడం బిగుస్తుంది, మొదటి దెబ్బకి పేలకపోవచ్చు కూడా. వేగం పెంచితే గురి పెరుగుతుందనుకోవద్దు: హాలో బేస్ అడుగు అంచు చిరిగి బ్యారెల్లో ఉండిపోయే ప్రమాదం ఉంది. ఈ బుల్లెట్‌కి సెకనుకి 700 అడుగుల చుట్టుపక్కల వేగం చాలు.

పొడి తక్కువ, కేసు పెద్దది. మజిల్ కిందికి వంచి ఎత్తితే పొడి బుల్లెట్ వైపు, పైకెత్తి దింపితే ప్రైమర్ వైపు చేరుతుంది. రెంటికీ వేగం ఒకటి కాదు. 50 గజాల్లో ఎత్తు తేడా కనబడాలంటే ఇది చాలు. ప్రతి గుండుకీ చెయ్యి ఒకే తీరుగా ఎత్తండి. సాధన, రీలోడింగ్ కలిసే చోటు ఇది, ఇద్దరూ గమనించలేదు.

డల్లాస్_కె38:
పొడి సంగతి నిజం. రీలోడింగ్ వైపు ఇంకొక్క వాదన: పౌండుకి 7000 గ్రెయిన్లు, 2.7 చొప్పున దాదాపు 2,590 రౌండ్లు. కేసులు మళ్లీ మళ్లీ వాడతాం. ఫ్యాక్టరీ వాడ్‌కటర్ డబ్బా ధరకి ఎన్నో రెట్లు ఎక్కువ కాల్చొచ్చు.

సింగిల్‌యాక్షన్:
అలా చెప్పు, అప్పుడు ఒప్పుకుంటా. గురి కోసం కాదు, ఎక్కువ కాల్చడం కోసం.

ఆరో_చాంబర్:
కొత్తవాళ్లెవరైనా చదువుతుంటే: నంబర్లు వేసి ఆరు టార్గెట్లూ కాల్చాక ఫొటోలు ఇక్కడ పెట్టండి, కాల్చింది ఫ్యాక్టరీ రౌండుతోనైనా సరే. ఆనించి వేసినవి, చేత్తో వేసినవి వేర్వేరుగా. వాటి మధ్య తేడా ఎంతుందో చూశాక ప్రెస్సు కొనాలా వద్దా అన్నది మాట్లాడదాం. డిస్టింగ్విష్డ్ రివాల్వర్ (బ్యాడ్జి ఇచ్చే ప్రత్యేక పోటీ) వైపు వెళ్లేవాళ్లు మాత్రం మొదటినుంచీ 158 గ్రెయిన్ల రౌండ్ నోస్‌తోనే (గుండ్రటి ముక్కు బుల్లెట్) చూడండి, అక్కడ వాడ్‌కటర్ ఒప్పుకోరు.