కరెంటు తగిలిన కోతి: తిరుపతిలో ఎవరిని పిలవాలి?
మాది కపిలతీర్థం దగ్గర. నిన్న సాయంత్రం నాలుగున్నరకు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిన కోతికి షాక్ కొట్టింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలి, వేళ్లు ముడుచుకుపోయాయి. మా మేడ మీద వాటర్ ట్యాంకు కింద కూర్చుంది. నీళ్లు తాగుతోంది, అరటిపండు ముట్టట్లేదు. దగ్గరికెళ్తే పళ్లు చూపిస్తోంది, మంద మొత్తం పిట్టగోడ మీదే ఉంది.

ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే అడవి జంతువు, మాకు సంబంధం లేదన్నారు. ఇంకోచోట, ఊళ్లోకొచ్చిన కోతి మా కిందికి రాదన్నారు. మూడో చోట కుక్కలనైతే పడతారట! మేమే పట్టుకుందామంటే కరిస్తే రేబీస్ టెన్షన్, పైగా వన్యప్రాణి చట్టం ఉంది.

ఫారెస్టు రేంజ్ ఆఫీసా, ఎస్వీ జూ పార్కు డాక్టర్లా, ఇంకెవరైనానా? ఇలాంటి కోతిని నిజంగా వచ్చి పట్టుకెళ్లి వైద్యం చేయించేది ఎవరండీ?