గంటల తరబడి వాడితే డిజిటల్ అక్షరాస్యత వచ్చేస్తుందా?

లెక్కల_మాస్టారు: మా పదో తరగతి పిల్లలకి ఫోన్ కంటిరెప్పతో సమానం. నిన్న ల్యాబ్‌లో పేరా టైప్ చేసి సేవ్ చేయమన్నాను. "ఎక్కడ చేశావురా?" అంటే "కంప్యూటర్లోనే సార్" అన్నాడొకడు. ఫోల్డర్ అంటే తెలీదు. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో ఆ ముందు వారం చదువుకి వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి 76. వాడకం వేరు, తెలియడం వేరు.

రైతుబిడ్డ79: వాడకపోతే అసలే రాదు కదండీ. 2018లో తెలంగాణ ఎంసెట్ కంప్యూటర్ మీదకి మారింది. ఆ ఏడాదే మా పెద్దవాడు రాశాడు. అంతకుముందు మౌస్ పట్టుకున్నది ఒక్కసారి. జవాబు గుర్తుపెట్టి, 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా పక్కనున్న ప్రశ్నల నంబర్లు నొక్కుకుంటూ పోయాడు. ఒక్కటీ సేవ్ కాలేదని చూసుకునేసరికి అరగంట పోయింది.

కోడ్_కుర్రాడు: మౌస్ రాకపోవడం నిరక్షరాస్యత కాదు, ప్రాక్టీస్ లేకపోవడం.

రైతుబిడ్డ79: ర్యాంకు పోయింది మీకు కాదుగా.

లెక్కల_మాస్టారు: 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కాలన్న మాట సూచనల పేజీలోనే ఉంటుందండీ. మీవాడు చదవలేదు. మౌస్ ఎంత తిప్పినా చదివే అలవాటు రాదు.

రాజ్యలక్ష్మి_కె: మౌస్ వదలరా ఇద్దరూ? మా పాప రీల్స్ ఎడిటింగ్‌లో దిట్ట. పిన్ కొడితే డబ్బులొస్తాయని ఎవడో అంటే కొట్టేసింది, నాలుగు వేలు గోవిందా. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని అన్ని గంటల్లో ఒక్క గంటా నేర్పలేదు.

రైతుబిడ్డ79: మాస్టారూ, మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా లేదా? ముందది చెప్పండి. 2022 డిసెంబర్‌లో ఏపీలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లిస్తే పాడైపోతారని గోల పెట్టింది మీలాంటివాళ్లే. మా తమ్ముడి కూతురికి సొంతంగా దొరికిన మొదటి తెర అదే!

లెక్కల_మాస్టారు: ఉంది. పక్కన కూర్చుని చెప్పడానికి నేనూ ఉన్నాను. ఇచ్చినందుకు కాదండీ నా బాధ, ఇచ్చి వదిలేసినందుకు. మా బడిలో పదకొండు సిస్టమ్‌లుంటే నడిచేవి నాలుగు. కంప్యూటర్ పీరియడ్ వారానికి ఒకటి, అదీ సిలబస్ అవ్వలేదని లెక్కలకి పోతుంది.

రైతుబిడ్డ79: ఎవరు తీసుకుంటారు ఆ పీరియడ్?

లెక్కల_మాస్టారు: నేనే.

కోడ్_కుర్రాడు: సరే గానీ, మౌస్ సంగతి ఇంకా తేలలేదు.