రుషికుల్య దగ్గర రాత్రిపూట వచ్చే ట్రాలర్లపై ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న తెలుగు మత్స్యకారుల ఊరు. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ట్రాలర్లతో వేట నిషేధం. అదంతా కాగితం మీద.

రాత్రి దీపాలు ఆర్పేసి ఒడ్డుకు దగ్గరగా వచ్చేస్తున్నారు. ఇనుప గొలుసు కట్టిన వలను సముద్రం అడుగున ఈడ్చుకుపోతే రొయ్యలతో పాటు పీతలు, వేలెడంత చేపపిల్లలు, బురద, అన్నీ అందులోకే. తాబేలు చిక్కితే ఊపిరికి పైకి రాలేక చస్తుంది. అది తప్పించుకోవడానికి వలకు టెడ్ పరికరం బిగించాలి. బిగించారో లేదో చీకట్లో చూసేదెవరు? దారిలో మా వల ఉన్నా అంతే సంగతులు. మొన్న మాకు దక్కింది తెగిన పైతాడు, నాలుగు బెండ్లు. మాది ఇంజను లేని పడవ, అయినా గస్తీ వాళ్ల కళ్లు ముందు మా మీదే పడతాయి!

ఒడిశాలోనే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇంకో తీరం గహీర్‌మాథా 1997లో అభయారణ్యం అయింది, అక్కడ అటవీశాఖకు నేరుగా అధికారం ఉంది. మా తీరానికి ఆ హోదా లేదు. ఒక కార్యాలయానికి వెళితే ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు. మత్స్యశాఖా, అటవీశాఖా, మెరైన్ పోలీసులా, ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? స్థలం, సమయం నమోదయ్యే ఫోను ఫోటో సాక్ష్యంగా చెల్లుతుందా, పడవ నంబరు కూడా కనిపించాలా? అర్జీ ఒడియాలోనే రాయాలా? తెగిన వలకు పరిహారం రాబట్టిన వారుంటే దయచేసి ఎలాగో చెప్పండి.