మ్యూజిక్ వీడియో విశ్లేషణ: గుడ్విన్ పాయింట్లు అతకడం లేదు, ఎవరైనా సాయం చేయండి

చివరి బెంచి | రాత్రి 9:40
మధ్యాహ్నం మూడింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, తల పగిలిపోతోంది. రేపు పదిన్నరకు అసైన్‌మెంట్ ఇవ్వాలి. మా సార్ ఒక మ్యూజిక్ వీడియో చెప్పి, "కథ, ప్రదర్శన రెండూ కలిసిన వీడియోకు ఇది మంచి ఉదాహరణ, కనీసం మూడు మీడియా సిద్ధాంతాలతో విశ్లేషించండి" అన్నారు. ఇందులో కథ ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. మ్యూజిక్ వీడియోల మీద పుస్తకం రాసిన గుడ్విన్ పేరుతో క్లాసులో చెప్పే ఆరు పాయింట్లు పక్కన పెట్టుకుని ఇరవై సార్లు చూసి ఉంటాను. క్లోజప్‌లు ఉన్నాయి, అంతే. కథ నడక గురించి టొడరోవ్ చెప్పింది, సినిమా ఆడవాళ్ళను చూసే చూపు గురించి మల్వీ చెప్పింది, ఇంటర్‌టెక్స్ట్ (ఒకదాంట్లో ఇంకో సినిమానో పుస్తకమో గుర్తుకు రావడం) ఏదీ అతకడం లేదు. ఒక్క పాయింట్ ఎలా రాయాలో చూపించినా చాలు. టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు.

కె. | 9:46
ఏ వీడియో?

పదకోశం | 9:58
ముందు ఒక మాట. మీ అసైన్‌మెంట్ శీర్షికలో "కన్వెన్షన్స్"కి తెలుగు ఏం రాశారు? చాలామంది "నియమాలు" అని రాస్తున్నారు, అది పొరపాటు. నియమం దాటితే తప్పవుతుంది. కన్వెన్షన్ అలా కాదు, వాడగా వాడగా స్థిరపడిన అలవాటు. చూసేవాళ్ళు దాన్ని ఎదురుచూస్తారు, దర్శకుడు కావాలంటే పక్కన పెడతాడు. మనకు "కవిసమయం" అనే మంచి మాట ఉంది. చకోరం వెన్నెల తాగుతుందని కవులు రాస్తూ వచ్చారు, ఎవరూ ఆధారం అడగలేదు. గాయకుడు గాలికి జుట్టు ఎగురుతుండగా కెమెరా వైపు చూస్తూ పాడితే, ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందని మనమూ అడగం. "సమయం" అనండి, లేదా "రూఢి" అనండి. "నియమం" మాత్రం వద్దు.

పాత టేపురికార్డర్ | 10:05
కవిసమయం పోలిక బాగుంది సార్. కానీ "సమయం" అని రాస్తే చదివేవాళ్ళు టైమ్ అనుకుంటారు. జర్నలిజం విద్యార్థికి "రూఢి" కూడా కొత్తే. "ఒరవడి" అంటే సరిపోదా?

పదకోశం | 10:11
ఒరవడి అంటే దిద్దుకోవడానికి ఇచ్చే నమూనా. అర్థం వేరు.

పాత టేపురికార్డర్ | 10:20
ఉండనివ్వండి. అడిగినవారికి నా సలహా: విదేశీ వీడియో ఎందుకు, మన సినిమా పాట తీసుకోండి. మన దగ్గర సినిమా పాటే మ్యూజిక్ వీడియో. ఇప్పుడైతే సినిమా కంటే ముందు లిరికల్ వీడియో వస్తోంది, జనం దాన్నే వందసార్లు చూస్తున్నారు.

కె. | 10:22
ఏ వీడియో అని అడిగాను.

చివరి బెంచి | 10:31
సారీ అండి. ఆ-హా బ్యాండ్ "టేక్ ఆన్ మీ". 80ల పాట, అందరికీ తెలుసు కదా అని రాయలేదు.

ఫ్రేమ్ బై ఫ్రేమ్ | 10:52
టొడరోవ్‌కి ఇంతకంటే మంచి వీడియో దొరకదండీ! కథ మొదట కుదురుగా ఉంటుంది (సమతౌల్యం), తర్వాత అది చెదురుతుంది, చివరికి మళ్ళీ కుదురుకుంటుంది, ఆయన చెప్పింది ఇదే. ఓ అమ్మాయి కేఫ్‌లో కూర్చుని బొమ్మల కథల పుస్తకం చదువుతుంటుంది. అది సమతౌల్యం. బొమ్మలోని మోటార్‌సైకిల్ రేసు కుర్రాడు (బ్యాండ్ గాయకుడే) ఆమెకు కన్ను కొడతాడు, పేజీలోంచి పెన్సిల్‌తో గీసిన చెయ్యి బయటికొచ్చి ఆమెను లోపలికి రమ్మంటుంది. అక్కడ సమతౌల్యం చెదిరింది. ఆమె కనిపించకపోయేసరికి బిల్లు కట్టకుండా పోయిందనుకుని వెయిట్రెస్ పుస్తకం నలిపి చెత్తబుట్టలో వేస్తుంది. లోపల ఇద్దరు రేసర్లు వెంటపడతారు, ఒకడి చేతిలో రెంచి. కుర్రాడు కాగితం చించి ఆమెను బయటికి పంపిస్తాడు. ఆమె పుస్తకం తీసుకుని ఇంటికి పరుగెత్తుతుంది, చివర్లో అతను నడవ గోడలకు ఢీకొంటూ బొమ్మ నుంచి మనిషిగా మారతాడు. ఆ ముగింపు 1980లో వచ్చిన ఆల్టర్డ్ స్టేట్స్ సినిమాను గుర్తు చేస్తుంది, మీ ఇంటర్‌టెక్స్ట్ పాయింట్ అదే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ పెన్సిల్ బొమ్మలు కంప్యూటర్ పని కాదు. రోటోస్కోపింగ్ అంటారు. ముందు నటులతో మామూలుగా షూట్ చేసి, ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా చేత్తో గీశారు. దాదాపు 3,000 ఫ్రేములు, 16 వారాలు. గీసింది మైకేల్ ప్యాటర్సన్, కాండేస్ రెకింజర్. దర్శకుడు స్టీవ్ బారన్. ఈ పద్ధతికి మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంట్ పొందాడు. గీత ఫ్రేము ఫ్రేముకీ వణకడం గమనించండి. ఆ వణుకే బొమ్మకు ప్రాణం.

చివరి బెంచి | 11:04
అమ్మాయా? ఏ అమ్మాయండీ? కేఫ్ లేదు, పుస్తకం లేదు. నేను చూస్తున్నదాంట్లో వెనక అంతా నీలం రంగు, ముందు బ్యాండ్ పాడుతోంది. ఎనిమిది గంటలుగా అదే చూస్తున్నాను!

కె. | 11:06
మీరు చూసింది 1984ది. 1985ది చూడండి.

ఫ్రేమ్ బై ఫ్రేమ్ | 11:15
అయ్యో. అవునండీ, రెండున్నాయి. 1984లో పాట మొదటి రూపం వచ్చింది, దాని వీడియోనే నీలం బ్యాక్‌గ్రౌండ్‌ది. పాట పెద్దగా ఆడలేదు. తర్వాత అలాన్ టార్నీ నిర్మాణంలో మళ్ళీ రికార్డు చేశారు, బారన్ ఈ కథ వీడియో తీశాడు. 1985 అక్టోబరులో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం, 1986లో ఎంటీవీ అవార్డులు ఆరు. మీ ఎనిమిది గంటలు వృథా కాలేదు. రెండూ పక్కపక్కన పెట్టి రాయండి. బ్యాండ్ అదే, పాట దాదాపు అదే. కేవలం ప్రదర్శన ఉంటే ఎలా ఉంటుంది, ప్రదర్శన కథలో కలిస్తే ఎలా ఉంటుంది అన్నది మీ కళ్ళ ముందే ఉంది. విజయమంతా వీడియోదే అని మాత్రం రాయకండి, రికార్డింగ్ కూడా మారింది కదా.

మీడియా పంతులమ్మ | 11:27
గుడ్విన్ గురించి ఒక దిద్దుబాటు. ఆయన 1992 పుస్తకం ఆరు పాయింట్ల చెక్‌లిస్టు కాదమ్మా. పాఠం చెప్పడానికి మేమంతా అలా కుదించాం, దాంతో పిల్లలు టిక్కులు పెట్టుకుంటూ పోతున్నారు. అసలు చూడాల్సింది మాటకూ దృశ్యానికీ ఉన్న సంబంధం. దృశ్యం మాటను ఉన్నదున్నట్టు చూపిస్తే ఇలస్ట్రేషన్, దానికి కొత్త అర్థం చేరిస్తే ఆంప్లిఫికేషన్, పొంతన లేకుండా పోతే డిస్‌జంక్చర్. ఈ పాట మాటల్లో బొమ్మల పుస్తకం ఊసే లేదు. తడబడుతూ ప్రేమ అడుగుతున్న కుర్రాడు, ఒకటి రెండు రోజుల్లో వెళ్ళిపోతానంటాడు. వీడియో ఆ "వెళ్ళిపోవడాన్ని" పట్టుకుంది. అతను నిజంగానే ఉండలేడు, కాగితం మనిషి. అందుకే నేను దీన్ని ఆంప్లిఫికేషన్ అంటాను.

తారల మీద పుస్తకం రాసిన డయర్‌ని కూడా తీసుకో. తార మనకు ఒకే సమయంలో దగ్గరగానూ, అందనంత దూరంగానూ ఉండాలన్నాడు. పేజీలోంచి వచ్చిన ఆ చెయ్యే ఆ మాటకు బొమ్మ. రికార్డు కంపెనీకి గాయకుడి ముఖం కావాలి, క్లోజప్‌లు కావాలి. ఇక్కడ ఆ క్లోజప్‌లు కథలో భాగమైపోయాయి, అమ్మడంలాగా కనిపించవు.

పాత టేపురికార్డర్ | 11:38
మేడమ్, ఈ తార సంగతి మన సినిమా పాటకు వర్తిస్తుందా? మన దగ్గర పాడేవారు తెర మీద కనిపించరు, హీరో పెదవులు కదుపుతాడు.

మీడియా పంతులమ్మ | 11:44
వర్తించదు, అందుకే సినిమా పాటే మ్యూజిక్ వీడియో అన్న మీ మాట నేను ఒప్పుకోను. మ్యూజిక్ వీడియో పాడినవాళ్ళను అమ్ముతుంది. మన పాట సినిమాను, హీరోను అమ్ముతుంది. అలవాట్లు కొన్ని కలుస్తాయి, పని వేరు.

పాత టేపురికార్డర్ | 11:49
ప్రేక్షకుడు పాటను విడిగా ఫోన్‌లో చూస్తున్నప్పుడు సినిమా ఎక్కడుంది మేడమ్?

ఫ్రేమ్ బై ఫ్రేమ్ | 11:52
మల్వీ పాయింట్ మర్చిపోయారు. ఇక్కడ చూసేది అమ్మాయి, చూడబడేది అబ్బాయి. మేల్ గేజ్ (ఆడదాన్ని మగవాడి కళ్ళతో చూపించడం) తిరగబడింది. అంతే రాస్తే చాలు.

మీడియా పంతులమ్మ | 12:01
అంత తేలికగా రాయించకండి. మల్వీ 1975 వ్యాసం హాలీవుడ్ సినిమా గురించి. పైగా ఈ అమ్మాయి చూస్తుంది సరే, పుస్తకంలోకి వెళ్ళాక ఏం చేస్తుంది? అతను చెయ్యి పట్టుకుంటే పరుగెత్తుతుంది, అతను కాగితం చించితే తప్పించుకుంటుంది. చూపు ఆమెది, పని అతనిది. ఈ రెండూ రాస్తేనే విశ్లేషణ.

ఫ్రేమ్ బై ఫ్రేమ్ | 12:09
చెత్తబుట్టలోంచి పుస్తకం తీసి, నలిగిన పేజీ సాపు చేసేది ఆమే కదా? ఆమె తియ్యకపోతే అతను అక్కడే ఉండిపోయేవాడు. అది పని కాదా?

పదకోశం | 12:15
"గేజ్"కి "చూపు" చాలదు. "వీక్షణం" అంటే ఇంకా దగ్గరగా ఉంటుందేమో.

చివరి బెంచి | మర్నాడు ఉదయం 11:20
ఇచ్చేశాను. రెండు వీడియోలూ పోల్చి రాశాను. పుస్తకం సాపు చేసే షాట్ మీదే ఒక పేజీ వచ్చింది. శీర్షికలో "రూఢులు" అని పెట్టాను. థాంక్సండీ అందరికీ.